పన్ను వాయిదానే.. మాఫీ కాదు! బాండెడ్ గోడౌన్‌లో ఫ్యాక్టరీ పెట్టాలంటే తెలుసుకోవాల్సినవి

గండికోట చూడ్డానికి వెళ్లినవాళ్లు జామియా మసీదు దగ్గర ఆగుతారు. దాని పక్కనే పెద్ద ధాన్యాగారం ఉంటుంది. సరుకు లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత పోయింది అని లెక్క రాసుకోకపోతే అలాంటి గోదాం నడవదు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. ఆయన సేనానే కాదు, సొంత ఓడలున్న వజ్రాల వ్యాపారి కూడా. 1652లో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ నగలు అమ్ముకోవడానికి ఆయన్ను వెతుక్కుంటూ ఈ కొండ మీదికే వచ్చాడు. విదేశీ వ్యాపారం ఈ ప్రాంతానికి కొత్త కాదన్నమాట.

ఇప్పుడు ఆ మాట మళ్లీ వినపడుతోంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. వాటిలో రెండు రాయలసీమకు వచ్చాయి. ఒకటి కడప దగ్గర కొప్పర్తి: 2,596 ఎకరాలు, రూ.2,137 కోట్లు. రెండోది కర్నూలు దగ్గర ఓర్వకల్లు: 2,621 ఎకరాలు, రూ.2,786 కోట్లు. దీంతో గల్ఫ్‌లో సంపాదించిన డబ్బుతో ఊళ్లో ఏదైనా యూనిట్ పెట్టాలనుకునే కుటుంబాలకు 'కస్టమ్స్ డ్యూటీ లేకుండా మిషన్ తెప్పిస్తాం' అనే మాటలు చెవిన పడుతున్నాయి. ఆ మాటలో నిజం సగమే. మిగతా సగం తెలియకుండా బాండు మీద సంతకం పెడితే ఇబ్బంది పడేది ఇంటివాళ్లే.

అసలు ఏమిటీ సౌకర్యం?

విదేశం నుంచి సరుకు వస్తే పోర్టులోనే కస్టమ్స్ డ్యూటీ కట్టాలి. అయితే 1962 కస్టమ్స్ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. 58వ సెక్షన్ కింద లైసెన్సు తీసుకున్న ప్రైవేటు గోడౌన్‌లో డ్యూటీ కట్టకుండా సరుకు దించుకోవచ్చు. దీన్నే బాండెడ్ గోడౌన్ అంటారు. 65వ సెక్షన్ కింద అనుమతి ఉంటే, అదే గోడౌన్‌లో మిషన్లు పెట్టి సరుకు తయారు చేసుకోవచ్చు. ఈ రెండింటినీ కలిపి సులువు చేస్తూ కేంద్రం 2019 అక్టోబర్ 1న కొత్త నిబంధనలు తెచ్చింది. ఆడిటర్లు వీటిని 'మూవర్' నిబంధనలు అంటుంటారు.

దీని కింద ముడిసరుకు మీదే కాదు, మిషన్ల మీద కూడా కస్టమ్స్ డ్యూటీ, ఐజీఎస్టీ రెండూ వాయిదా పడతాయి. ఆ వాయిదాకు వడ్డీ ఉండదు. ఇన్నేళ్లలో తేల్చాలన్న గడువూ లేదు. వడ్డీ అప్పుల జోలికి పోకూడదనుకునే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

ఒక లెక్క చూద్దాం

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు కడప బండలు పాలిష్ చేసే యూనిట్లు చాలామందికి తెలిసినవే. ఇద్దరు అన్నదమ్ములు కలిసి రూ.50 లక్షల పాలిషింగ్ మిషన్ విదేశం నుంచి తెప్పించారనుకుందాం. దాని మీద కస్టమ్స్ డ్యూటీ 7.5 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. మిషన్‌ను బట్టి రేట్లు మారతాయి.

డ్యూటీ రూ.3,75,000. దాని మీద పది శాతం సర్‌చార్జి రూ.37,500. ఈ రెండూ కలిపిన ధర మీద ఐజీఎస్టీ రూ.9,74,250. మొత్తం రూ.13,86,750. మామూలుగా అయితే ఒక్క బండ కూడా కోయకముందే ఈ డబ్బు పోర్టులో కట్టాలి. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది, నిజమే. కానీ అప్పటిదాకా చేతిలో డబ్బు ఇరుక్కుపోతుంది. బాండెడ్ యూనిట్ అయితే ఈ దాదాపు 14 లక్షలు యూనిట్ నడపడానికి మిగులుతాయి.

సరుకు ఎటు పోతే ఎంత కట్టాలి?

తయారైన సరుకు విదేశానికి పోతే, అందులో వాడిన దిగుమతి ముడిసరుకు మీద డ్యూటీ కట్టనవసరం లేదు. ఇది మాత్రం నిజంగానే మాఫీ. తయారీలో మిగిలిన వ్యర్థానికి నియమం వేరే ఉంది. దాన్ని నాశనం చేయాలి, లేదంటే ఆ వ్యర్థం మీద డ్యూటీ కట్టాలి.

సరుకు మన దేశంలోనే అమ్మితే రెండు కట్టాలి. ఒకటి, ఆ సరుకులో వాడిన దిగుమతి ముడిసరుకు మీద ఆగి ఉన్న డ్యూటీ. రెండోది, అమ్మకం మీద మామూలు జీఎస్టీ. సరుకు ఇక్కడ అమ్మినంత మాత్రాన మిషన్ మీద డ్యూటీ కట్టనవసరం లేదు. పై ఉదాహరణలో బండ మన నేలదే, దిగుమతైంది మిషన్ ఒక్కటే. కాబట్టి ఆ అన్నదమ్ములకు లాభం మిషన్ దగ్గరే కనపడుతుంది. బయటి దేశం నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే ఎలక్ట్రానిక్స్ యూనిట్లకు ముడిసరుకు దగ్గర కూడా కలిసొస్తుంది.

ఎక్స్‌పోర్ట్ చేసి తీరాలా?

అక్కర్లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పేరున్న పాత పథకం 'ఈఓయూ', అంటే వంద శాతం ఎగుమతి యూనిట్. అది 1980 డిసెంబర్ 31న మొదలైంది. అందులో ఐదేళ్లు కలిపి చూస్తే దిగుమతికి పోయిన విదేశీ డబ్బు కంటే ఎగుమతి నుంచి వచ్చినది ఎక్కువ ఉండాలి. ఈపీసీజీ అనే ఇంకో పథకంలో మిషన్ మీద మిగిలిన డ్యూటీకి ఆరు రెట్ల విలువైన సరుకును ఆరేళ్లలో ఎగుమతి చేయాలి. బాండెడ్ యూనిట్‌కు ఇలాంటి షరతు ఏదీ లేదు. మొత్తం ఇక్కడే అమ్ముకున్నా తప్పు కాదు.

అయితే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో కొంత తీసుకున్నారు. ఎగుమతిదారులకు వచ్చే డ్యూటీ డ్రాబ్యాక్ నిర్ణీత రేట్లు, రోడ్‌టెప్ వాపసు బాండెడ్ యూనిట్‌లో తయారైన సరుకుకు వర్తించవు. దిగుమతులు తక్కువ, ఎగుమతులు ఎక్కువ ఉన్న యూనిట్‌కు ఈ పథకం నష్టమే కావచ్చు. ముందు రెండు లెక్కలూ వేయించుకుని పోల్చి చూడాలి.

లైసెన్సుకు ఏం కావాలి?

భారత పౌరుడు గానీ, ఇక్కడ రిజిస్టరైన సంస్థ గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. 58, 65 సెక్షన్లకు ఒకే ఫారం. తమ ప్రాంతం ఏ కస్టమ్స్ కమిషనరేట్ కిందికి వస్తే అక్కడి ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ అనుమతి ఇస్తారు. నడుస్తున్న పాత ఫ్యాక్టరీకీ తీసుకోవచ్చు. నాలుగు వైపులా గోడలు, పైన కప్పు ఉండి తీరాలని లేదు. సరుకు భద్రంగా ఉండే చోటైతే చాలు. ఏటా రెన్యువల్ బాధ లేదు. రద్దు చేసేదాకా, లేదా యజమాని తిరిగి ఇచ్చేసేదాకా లైసెన్సు నడుస్తుంది.

కస్టమ్స్ అధికారి గేటు దగ్గర కూర్చోడు. తాళం ఆయన చేతిలో ఉండదు. దానికి బదులు లెక్కలే కాపలా. వచ్చిన ప్రతి వస్తువు, వాడింది, పంపింది, మిగిలింది కంప్యూటర్‌లో నిర్ణీత పద్ధతిలో రాయాలి. నెల నెలా ఆ లెక్క కస్టమ్స్‌కు పంపాలి. రికార్డులు కనీసం ఐదేళ్లు దాచాలి. కస్టమ్స్ పని తెలిసిన వేర్‌హౌస్ కీపర్‌ను పెట్టుకోవాలి. ఆడిట్ ఎప్పుడైనా రావచ్చు.

జాగ్రత్త పడాల్సిన చోట్లు

మొదటిది బాండు. వాయిదా పడిన డ్యూటీకి మూడు రెట్ల మొత్తానికి బాండు రాసివ్వాలి. పై ఉదాహరణలో అది రూ.41,60,250. సరుకు లెక్క తేలకపోతే డ్యూటీ, వడ్డీ, జరిమానా అన్నీ మీద పడతాయి. 'పేరుకే పార్ట్‌నర్‌వి, సంతకం పెట్టు చాలు' అని ఇంట్లో తమ్ముడి చేతో, భార్య చేతో పెట్టించే సంతకం కాదిది.

రెండోది మిషన్ అమ్మకం. ఎనిమిదేళ్లు వాడాక మిషన్‌ను ఇక్కడే అమ్మాలనుకుంటే పాతబడిందని డ్యూటీ తగ్గించరు. ఈఓయూలో ఆ తరుగు ఇస్తారు, ఇందులో లేదు. యూనిట్ మూసేసినా అంతే. డ్యూటీ కట్టాలి, లేదా మిషన్‌ను విదేశానికి పంపాలి, లేదా ఇంకో బాండెడ్ గోడౌన్‌కు మార్చాలి.

మూడోది, నియమాలు మారుతుంటాయి. గండికోటకు దిగువన మైలవరం వైపు సోలార్ ప్యానెళ్లు చూసినవాళ్లకు ఈ ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. సోలార్ విద్యుత్ కేంద్రాలకు ఈ సౌకర్యం కుదరదని 2022లో కస్టమ్స్ బోర్డు ఆదేశం ఇచ్చింది. 2024 మేలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది పార్లమెంటు 65వ సెక్షన్‌ను సవరించి, ఏయే సరుకుల విషయంలో ఏయే పనులు బాండెడ్ గోడౌన్‌లో చేయకూడదో చెప్పే అధికారం కేంద్రానికి ఇచ్చింది. అంతకుముందు 2023లో చేర్చిన 65ఎ సెక్షన్ ఐజీఎస్టీని ముందే కట్టించుకోవడానికి ఉద్దేశించింది. అది పనిచేయాలంటే కేంద్రం విడిగా నోటిఫికేషన్ ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఏ నియమం నడుస్తోందో అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

పెట్టుబడి లేనివాళ్లకు?

ఇలాంటి యూనిట్లకు లెక్కలు రాసేవాళ్లు, వేర్‌హౌస్ కీపర్లు, కస్టమ్స్ బ్రోకర్లు కావాలి. డిగ్రీ చదివిన పిల్లలు కస్టమ్స్ బ్రోకర్ పనిలో అనుభవం సంపాదించి లైసెన్సు పరీక్ష రాయొచ్చు. ఆ పరీక్ష నిర్వహించే నాసిన్ సంస్థ క్యాంపస్ ఒకటి శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే ఉంది. 2024 జనవరి 16న ప్రారంభమైంది.

యూనిట్ పెట్టాలనుకునేవాళ్లు ఆడిటర్ దగ్గరికి మూడు కాగితాలతో వెళ్తే చాలు: మిషన్ కొటేషన్, ఏటా దిగుమతి చేసుకునే ముడిసరుకు అంచనా, సరుకులో ఎంత విదేశానికి, ఎంత ఇక్కడ అమ్ముతారనే అంచనా. ఆ మూడూ చూపించి 'యూనిట్ నడవకపోతే నేనెంత కట్టాలి?' అని అడగాలి. ఆ అంకె విన్నాకే సంతకం పెట్టాలి.