స్నానపు గది గోడకు వెంట్రుకవాసి బీట

అమెరికాలోని సామాన్య గృహములందు షవరు చుట్టును నిలిచియుండు తెల్లని నున్నని గోడను చూచి, కొత్తగా అచ్చట కాపురము పెట్టిన మనవారు పింగాణి యని భావింపవచ్చును గాని, పెక్కు ఇండ్లలో అది సన్నని గాజుపోగులును, రెసిన్ అను చిక్కని ద్రవమును ఏకమై గట్టిపడిన ఫైబర్‌గ్లాస్ పలకయే. కర్మాగారములో మొదట మూసపై జెల్‌కోట్ అను రంగుపూతను చిమ్మి, అది బిగిసిన పిదప దాని వెన్నున తునకలైన గాజుపోగులను రెసిన్‌తో కలిపి చల్లి, రోలరుతో అదిమి, ఆరిన వెనుక మూసనుండి ఊడదీయుదురు. కావున కంటికి కనబడు నిగనిగ యంతయు సుమారు అరమిల్లీమీటరు మందముగల ఆ పూతది. బలమంతయు వెనుక దాగిన పోగులది. మన తూర్పుతీరమున మత్స్యకారులు కడలిపైకి నడుపు ఫైబర్ పడవలును ఈ పదార్థముతోడనే నిర్మింపబడుచున్నవి; వాని మరమ్మతునకును దీని మరమ్మతునకును మూలసూత్ర మొక్కటియే.

బీట కనబడగానే పుట్టీకై పరుగిడుట తగదు. ముందుగా దానిపై అడ్డముగా గోరు నడిపి చూడవలెను. గోరు తగులక జారిపోయినచో అది పూతకు మాత్రమే పరిమితమై యుండవచ్చును. గోరు చిక్కుకొని, సబ్బుమురికి లోనికి దిగి నల్లని గీతగా నిలిచినచో, పగులు పోగులదాక పోయినదని అనుమానింపవలెను. అటుపిమ్మట దాని పక్కన అరచేతితో గట్టిగా నొక్కవలెను. గోడ లోనికి వంగినదా, రోగమూలము అచ్చటనే యున్నది. ఆ పలక వెనుక నిలువు కొయ్యలకు నడుమ బోలుగా ఉన్నచోట, మనిషి చేయి ఆనించినప్పుడెల్ల అది వంగి లేచుచు, వంగుటకు ఓర్వలేని పూత మొదట చిట్లును, పిదప పోగులు విడును. ఆ సందున ఇంకిన నీరు లోపలి కొయ్యను కుళ్లజేసి, జిప్సమ్ గోడను బూజుపట్టించును. ఇంతటి నష్టము బయటికి కనబడదు. వెనుక ఆధారము కల్పింపక పైన ఎంత చక్కగా పూడ్చినను, ఆ బీట మరల విచ్చుకొనక మానదని నా దృఢాభిప్రాయము.

కావున వెనుకవైపు అలమారా వంటిది ఉన్నచో, అచ్చటి గోడపలకను కోసి, ప్లైవుడ్ ముక్కను జిగురుతో ఆనించుట ఉత్తమము. అది వీలుపడనప్పుడు చిన్న బెజ్జము వేసి, కిటికీలకు వాడు, తక్కువగా ఉబ్బెడి ఫోమ్‌ను లోనికి ఎక్కింతురు. అధికముగా ఉబ్బు ఫోమ్ గోడనే ముందునకు నెట్టివేయును.

ఇక పూడ్చుట. అచ్చట పాత సిలికాన్ ఉన్నచో ఆసాంతము గీకివేయవలెను. దాని పొర రవ్వంత మిగిలినను రెసిన్ పట్టదు. బీటపై సిలికాన్ పూసి నిశ్చింతగా ఉండువారు రాబోవు మరమ్మతును తామే చెరుచుకొనుచున్నారు. కనీసము ఒక దినము స్నానము మాని, ఫ్యాను పెట్టి ఆరనిచ్చి, బీట రెండు కొనలయందును సుమారు 3 మిల్లీమీటర్ల బెజ్జములు వేయవలెను. పగులు ముందునకు సాగుటకు కారణమైన ఒత్తిడి ఆ సూదికొనయందే కేంద్రీకృతమై యుండును గనుక, గుండ్రని బెజ్జము దానిని చెదరగొట్టును. తరువాత బీటను వాలుగాడిగా వెడల్పుచేసి, 80వ నంబరు ఉప్పుకాగితముతో చుట్టును గరుకుచేసి, అసిటోన్‌తో తుడువవలెను. అయితే అదే రూపమున అక్రిలిక్ గోడలును కలవు. అసిటోన్ వానిని మెత్తపరచి పాడుచేయును గనుక ముందుగా చాటుమూలను పరీక్షించుట మేలు.

పాలియెస్టర్ రెసిన్‌లో హార్డెనర్ నూటికి 1 లేక 2 పాళ్లు మాత్రమే, డబ్బాపై చెప్పినట్లు కలుపవలెను. ఆ హార్డెనర్ చుక్కలు కంటిలో పడినచో చూపునకే ముప్పు. అసిటోన్ ఆవిరి ఇట్టే నిప్పంటుకొనును. కావున కంటద్దములు, చేతితొడుగులు, తెరచిన కిటికీ తప్పనిసరి. కలిపిన రెసిన్ గిన్నెలో కుప్పగా నిలిచినచో వేడెక్కి పొగలుగ్రక్కును గనుక కొంచెము కొంచెముగా కలుపుకొనవలెను. లోతైన పగులునకు గాజుమ్యాట్ ముక్కలను రెసిన్‌లో తడిపి పొరలు వేసి, పూతపగులునకు పుట్టీ మాత్రమే పెట్టి, ఆరినపిమ్మట చదునుచేసి, జెల్‌కోట్ పూయుదురు. గాలి తగిలినచో సాధారణ జెల్‌కోట్ పైపొర జిగటగానే మిగులును. పైన ప్లాస్టిక్ పొర కప్పినచో చక్కగా బిగియును. పిదప 400, 600, 1000 నంబరు కాగితములతో తడిగా రాచి మెరుగుపెట్టవలెను. పాత తెలుపు పసుపెక్కియుండుటచే క్రొత్త తెలుపు దానితో పూర్తిగా కలియుట అరుదు. ఆ లేశభేదమును సహింపవలసినదే.

అద్దె ఇంటివారు ఈ పనికి పూనుకొనక, బీట కనబడిన నాడే యజమానికి వ్రాతమూలకముగా తెలుపుడు. సొంత ఇంటివారు మాత్రము డబ్బాపై చెప్పిన గడువు, సాధారణముగా 24 గంటలు, ముగియువరకు అచ్చట నీరు పడనీయకుడు. పిదప అరచేతితో మరల నొక్కి, గోడ కదలకున్నప్పుడే షవరు తిప్పుడు.