కడుపులో బిడ్డ గుండె చప్పుడు పరీక్ష: ఎవరికి, ఎందుకు, ఎలా?
వీపనగండ్ల మండల గర్భిణులకు, వారి ఇంటివాళ్లకు

ఎన్‌ఎస్‌టీ అంటే ఏమిటి?
బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. బిడ్డ కదిలినప్పుడు ఆ వేగం కాసేపు పెరగాలి. అలా పెరుగుతుందో లేదో చూసేదే ఈ పరీక్ష. పొట్టకు రెండు బెల్టులు కట్టి సుమారు 20 నిమిషాలు మిషన్‌పై గీత తీస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు, బిడ్డకు హాని లేదు. బిడ్డ నిద్రలో ఉంటే ఇంకో 20 నిమిషాలు పట్టొచ్చు. కంగారు పడకండి.

ఎవరికి రాస్తారు?
బీపీ, షుగర్ ఉన్నవారికి, ఉమ్మనీరు తగ్గినవారికి, బిడ్డ ఎదుగుదల తక్కువ ఉన్నవారికి, కాన్పు తేదీ దాటినవారికి, కదలిక తగ్గిందని చెప్పినవారికి.

ఇంట్లో మీరు చూడాల్సింది
ఏడో నెల దాటాక రోజూ ఒకే వేళకు, తిన్న తర్వాత, ఎడమ పక్కకు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టండి. 2 గంటల్లో 10 కదలికలు రాకపోతే వెంటనే దవాఖానకు పోవాలి.

"నెలలు నిండితే బిడ్డ కదలదు, మామూలే" అని పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. కాన్పు దాకా కదలిక ఉండాల్సిందే. తెల్లారినాక చూద్దామని ఆగొద్దు.

నిన్న పరీక్ష బాగానే వచ్చినా, ఇవాళ కదలిక తగ్గితే మళ్లీ పోవాలి. ఆ గీత అప్పటి పరిస్థితినే చెబుతుంది. గీత సరిగా రాకపోతే బిడ్డకు ప్రమాదమనే కాదు. స్కానింగ్ చేసి డాక్టర్ నిర్ణయిస్తారు.

ఖర్చు ఎంత?
ప్రభుత్వ దవాఖానలో మీరు ఏమీ కట్టనక్కర్లేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద గర్భిణులకు పరీక్షలు, మందులు, కాన్పు, రవాణా ఉచితం. వీపనగండ్ల పీహెచ్‌సీ నుంచి వనపర్తికి రాసి పంపినా ఇదే వర్తిస్తుంది. ప్రతి నెల 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఉచితంగా డాక్టర్ పరీక్ష ఉంటుంది.

బండి కావాలంటే
మామూలు చెకప్‌కు 102 అమ్మ ఒడి వాహనం. కదలిక ఆగినా, రక్తం పోయినా, ఉమ్మనీరు కారినా 108కి ఫోన్ చేయండి.

పోయేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, ఆధార్, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. ఆశా, ఏఎన్ఎం నంబర్లు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.