కార్కు ముక్క చేసిన ఘనకార్యం

గోడగడియారం విప్పిన కుర్రవాడికి తిట్లు తప్పవు. మోటారు సైకిలు ఇంజను విప్పిన అరవై ఏళ్లవాడికీ తప్పవని నాకు ఈమధ్యనే తెలిసింది. మళ్లీ బిగించాక నాలుగు మరలు మిగిలి తీరతాయని ఇంటిల్లిపాదికీ ముందే గట్టి నమ్మకం. కాని, పాతకాలపు ఇంగ్లీషు మోటారు సైకిళ్లు ఇంట్లో విప్పుకోవడానికి వీలుగానే తయారైనాయి సుమండీ! ఆ రోజుల్లో ఇంగ్లండులో వాటిని కొన్నవారిలో చాలామంది కారు కొనే స్తోమతు లేని మామూలు మనుషులు. ఆదివారం పూట పెరట్లో కూర్చుని, సిలిండరు తలకాయ విప్పి, మసి గీకుకునేవారు. ఏది ఎలా విప్పాలో చెప్పే చిన్న పుస్తకం కూడా బండితోపాటు వచ్చేది.

నేను విప్పినది మా మేనమామగారి రాయల్ ఎన్‌ఫీల్డ్ బులెట్టు. 350 అంటారు గాని, లెక్క కడితే 346 సి.సి. సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్లో 1954లో తయారైంది. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది 1955లో కనుక, ఇది ఓడెక్కి వచ్చిన సరుకే. మామయ్య దీన్ని 1967లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. అదే ఏట రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. పుట్టిల్లు పోయిన పిల్లను మేనత్త చేరదీసినట్టు, దీన్ని మద్రాసు ఆదుకుంది. విడిభాగాలు ఈనాటికీ చాలావరకు దొరుకుతున్నాయి. 1977లో మద్రాసు బులెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయంటే చూడండి!

మామయ్య పి.డబ్ల్యు.డి.లో ఓవర్సీరు. బందరు కాలవ గట్ల మీద పందొమ్మిదేళ్లు దీనిమీదే తిరిగాడు. 1986లో ఒక మధ్యాహ్నం ఇంజను కటకటమని, పట్టేసింది. చూసిన మెకానిక్కు, "నూనె చూసుకోకుండా తోలారండీ" అని తీర్పు చెప్పాడు. ఆ మాట పట్టుకుని మా అత్తయ్య దాదాపు నలభై ఏళ్లు ఆయన్ని సాధించింది. పాలు పొంగినా, తాళం పోయినా, "బండిలో నూనె చూసుకోని మనిషి!" అనేది. ఆయన మారు పలికేవాడు కాదు. తానే మరిచిపోయాననే ఆయనా అనుకున్నాడు.

ఇప్పుడాయనకు ఎనభై ఆరేళ్లు. చూపు సగం పోయింది. విజయవాడలో ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టించాలని పిల్లలు నిశ్చయించారు. వెనక వసారాలో గోనెపట్టాల కింద ఉన్న బండికి పాత ఇనప సామాన్లవాడు బేరం కూడా చేసిపోయాడు. "ఒక్కసారి దాని చప్పుడు విననివ్వండర్రా, తరవాత మీ ఇష్టం" అన్నాడు మామయ్య. ఇల్లు ఖాళీ చెయ్యడానికి అయిదు నెలలు గడువు. బండి ట్రాలీ ఆటోలో మా ఇంటికి చేరింది.

మొదటి చిక్కు పానాలతో వచ్చింది. ఇప్పటి పానాలన్నీ మిల్లీమీటర్లవి. ఈ నట్లు విట్‌వర్తు కొలతలవి. జోసెఫ్ విట్‌వర్తు అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841లో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. అంతకు ముందు ఒక కార్ఖానా నట్టు ఇంకో కార్ఖానా బోల్టుకు ఎక్కితే అదృష్టమే. ఆ పద్ధతిలో పానామీద పావు అంగుళం అని ఉంటే అది పానా నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ లావు! నోటి వెడల్పు సుమారు 13.3 మిల్లీమీటర్లు. 13 పానా ఎక్కదు. 14 పానా జారి నట్టు మూలలు కొరికేస్తుంది. ఇదివరకటి మెకానిక్కులు 14తోనే నెట్టుకొచ్చారనడానికి ఈ బండి నట్లే సాక్ష్యం. కొన్ని గోలీల్లా తయారైనాయి. ఆటోనగరులో పాత సామాన్ల కొట్లు మూడు రోజులు గాలించి, తుప్పు పట్టిన విట్‌వర్తు పానాలు అయిదు సంపాదించాను.

విప్పుతూ పోతే ఇంజను తన కథ తానే చెప్పుకుంటుంది. పోత ఇనుప సిలిండరు అరుగుదల గుండ్రంగా ఉండదు. పిస్టను ముందుకూ వెనక్కూ ఒత్తుతుంది కనుక ఆ వైపుల ఎక్కువ, పక్కల తక్కువ. రింగులు పైకి పోయి ఆగి తిరిగే చోట మరీ ఎక్కువ. అది సహజం, బోరింగు పట్టించి ఒక సైజు పెద్ద పిస్టను వేస్తే సరిపోతుంది. అసలు దెబ్బ కింద ఉంది. కనెక్టింగు రాడ్డు కింది బేరింగు కరిగి, నల్లబడి, క్రాంకు పిన్నుకు అతుక్కుపోయింది. నూనె అందకనే అలా అవుతుంది. మెకానిక్కు మాట నిజమేనేమో అనిపించింది. కాని కేసు అడుగున మర విప్పితే తారులాంటి నూనె రెండు లీటర్ల దాకా కారింది! నూనె ఉండి, బేరింగుకు అందలేదన్నమాట. ఎందుకని?

ఈ ఇంజనుకు వేరే నూనె ట్యాంకు లేదు. క్రాంకు కేసులోనే ఒక అర ఉంటుంది. ఒక పంపు అక్కణ్ణించి నూనె పంపుతుంది, ఇంకో పంపు అడుగున పోగైనదాన్ని తోడి వెనక్కు తెస్తుంది. పంపిన నూనె టైమింగు కవరులోని సన్నటి దారిగుండా వచ్చి, తిరుగుతున్న క్రాంకు ఇరుసు కొనలోని రంధ్రంలోకి దూరాలి. కదలని కవరు నుంచి తిరిగే ఇరుసులోకి నూనె చిందకుండా దాటాలంటే మధ్య ఏదో అడ్డుకట్ట ఉండాలి కదా! అది ఒక కార్కు ముక్క. వేలిగోరంత ఉంటుంది. మామయ్య బండిలో ఆ చోట కార్కు లేదు. గట్టిపడిన సీలింగు పేస్టు ముద్ద ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. "మామయ్యా, బండి ఆగిపోయే ముందు ఈ కుడివైపు కవరు ఎవరైనా విప్పారా?"

ఆయన కాసేపు ఆలోచించి, "నూనె కారుతోందంటే విప్పాడురా. అదే మెకానిక్కు. రెండు నెలల ముందు" అన్నాడు.

విషయం చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మీ అత్తయ్యకు ఫోనిస్తాను, ఆవిడకు చెప్పు" అన్నాడు.

ఇక క్రాంకు కేసుకు వెనకవైపు బోల్టు చెవి దగ్గర నెర్రె కనిపించింది. పాత సామాన్ల కొట్లో మంచి కేసు చౌకగా ఉంది. అందరూ అదే కొనమన్నారు. కాని ఇంజను నంబరు ఉండేది ఆ కేసుమీదే. అది మార్చితే ఆర్.సి. పుస్తకంలోని బండి వేరు, మన ముందున్న బండి వేరు. కాగితాల చిక్కు ఒక ఎత్తు. కాలవ గట్లమీద తిరిగిన ఇంజనే కాకపోతే మామయ్యకు వినిపించేది దేని చప్పుడు? ఆర్గాన్ వెల్డింగు పట్టించాను. కొత్త కేసుకన్నా ఎక్కువే అయింది. క్రాంకు పని కూడా లేత్ మేస్త్రికే అప్పగించాను. రెండు ఫ్లైవీళ్లనూ ఒకే ఇరుసుమీద వంకర లేకుండా నిలపడం పెరట్లో అయ్యే పని కాదు.

మిగతాదంతా ఇంట్లోనే. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుచేత కేసును మరిగే నీళ్లలో ముంచి, తుడిచి, చల్లటి బేరింగును అందులో వేస్తే సుత్తి అవసరం లేకుండా జారి కూర్చుంటుంది. బేరింగులు రాత్రంతా ఫ్రిజ్జులో ఐసు ట్రేల పక్కన పడుకున్నాయి. నీళ్లు మరిగింది మా ఆవిడకు పుట్టింటివారిచ్చిన గంగాళంలో. దాని గురించి ఇంతకన్నా రాయకపోవడమే క్షేమం.

కొత్త రింగును ఒట్టి సిలిండరులో పెట్టి, కొనల మధ్య సందు చూడాలి. వ్యాసంలో అంగుళానికి నాలుగు వేలవ వంతుల సందు అని పాత లెక్క. దీనికి సుమారు 0.28 మిల్లీమీటర్లు. సందు చాలకపోతే వేడికి సాగి కొనలు ఢీకొంటాయి. టైమింగు పళ్లచక్రాలమీద చుక్కలుంటాయి, చుక్కకు చుక్క కలిపితే సరి. కార్కు ముక్కను రాత్రంతా నూనెలో నానబెట్టి, నా చేత్తో నేనే కూర్చోబెట్టాను.

అయిదో నెల మూడో వారంలో మామయ్యనీ అత్తయ్యనీ కారులో తీసుకొచ్చాడు వాళ్ల మనవడు. ముందు స్పార్కు ప్లగ్గు తీసేసి ఇరవైసార్లు కిక్కు కొట్టాను. రాకర్లకు పోయే గొట్టం మర కాస్త వదులు చేస్తే నూనె బొట్టు కట్టింది. తోడి తెచ్చే పంపు పనిచేస్తున్నదన్నమాట. ప్లగ్గు బిగించాను. నాలుగో కిక్కుకు అందుకుంది.

మామయ్య కుర్చీలోంచి లేచి, ఇంజను దగ్గరగా చెవి పెట్టాడు. రెండు నిమిషాల పాటు ఎవరం మాట్లాడలేదు.

"ఎగ్జాస్టు టాపెట్టు వదులుగా ఉందిరా" అన్నాడు చివరికి.

ఉన్నమాటే. చల్లారాక చూశాను. పుష్ రాడ్డు వేళ్లతో తేలిగ్గా తిరగాలి గాని పైకీ కిందకీ ఆడకూడదు. వెంట్రుకవాసి ఆడుతోంది.

"నువ్వు నూనె చూసుకున్నావన్నమాటే" అంది అత్తయ్య ఆయనతో. "నలభై ఏళ్లూ నోరు మెదపకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఇనప సామాన్లవాడికి కబురు పంపించేశారు, రావద్దని. మొదటి 800 కిలోమీటర్లూ గంటకు యాభై దాటకుండా తోలాలి. ఇప్పటికి వంద కూడా కాలేదు. మా సందు దాటాలంటే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, ఇనస్పెక్టరు వచ్చి నంబర్లమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోవాలి. మనవడు ఆదివారాలు వస్తున్నాడు. మొన్న సాయం చేస్తానని సంచిలోంచి 14 పానా తీశాడు. లాక్కుని దాచేశాను.