కంఠమునందలి అయోడిన్ భాండాగారము

శ్వాసనాళమునకు ఇరుప్రక్కల రెండు తమ్మెలుగా హత్తుకొనియుండు అవటుగ్రంథి, అనగా మనము నిత్యము థైరాయిడ్ అని చెప్పుకొనునది, సుమారు 20 గ్రాములు మాత్రమే తూగునదైనను, దేహమునందలి అయోడిన్‌లో అత్యధికభాగము దానియందే నిలిచియుండును. తక్కిన వినాళగ్రంథులు తమ హార్మోనులను మితముగనే దాచుకొనుచుండగా, ఇది సూక్ష్మమైన పుటికలను నిర్మించుకొని, వానిని థైరోగ్లోబ్యులిన్ అను మాంసకృత్తుతో నింపి, రెండుమూడు నెలలకు సరిపడు సరకును నిలువచేయును. అయోడిన్ ఎల్లెడల సులభముగ దొరకునది కాదు గనుకనే ఈ ముందుచూపు అలవడినదని నాకు తోచుచున్నది.

రక్తమున లేశమాత్రముగ నున్న అయోడైడును పుటికల గోడలయందలి కణములు సోడియముతో జతగూర్చి, రక్తమునందుకంటె అనేకరెట్లు గాఢముగ లోనికి లాగుకొనును. అచ్చట పెరాక్సిడేజ్ అను ఎంజైము దానిని ఆక్సీకరించి, థైరోగ్లోబ్యులిన్‌లోని టైరోసిన్ అను ఆమినో ఆమ్లమునకు తగిలించును. రెండేసి అయోడిన్ పరమాణువులు గల టైరోసిన్‌లు రెండు కూడినచో థైరాక్సిన్ పుట్టును. రెండు గలదానితో ఒకటి గలది కూడినచో ట్రైఅయోడోథైరోనిన్ అగును. శాస్త్రజ్ఞుడు కెండాల్ 1914లో స్ఫటికరూపమున వేరుచేసినది ఈ థైరాక్సిన్‌నే. దాని నిర్మాణమును మరియొక శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ 1926లో నిర్ణయించెను. గ్రంథి విడుచునది ప్రధానముగ థైరాక్సినే యైనను, కణకేంద్రకములయందు కార్యము నడపుటలో ట్రైఅయోడోథైరోనినే ప్రబలము గనుక, కాలేయాది అవయవములు థైరాక్సిన్ నుండి ఒక అయోడిన్‌ను తొలగించి దానిని సిద్ధముచేయును.

ఈ పనికంతటికి పైయధికారి మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి. దానికిని పైన హైపోథాలమస్ కలదు. రక్తమున హార్మోను తగ్గినచో పీయూషగ్రంథి తన ప్రేరకమును హెచ్చించును, పెరిగినచో తగ్గించును. మిక్కిలి విస్మయము గొలుపు విషయ మేమనగా, ఆహారమున అయోడిన్ కొరవడినప్పుడు ఈ చక్కని యేర్పాటే గలగండమునకు హేతువగును: హార్మోను చాలక ప్రేరకము ఎడతెగక వచ్చుచుండ, గ్రంథి కరవునాట బావిని ఇంకను లోతునకు త్రవ్వు రైతువలె, దొరకిన కొంచెమునైనను పట్టుకొనుటకై తాను పెరుగుచు పోవును.

హిమాలయ ప్రాంతపు నేలలలోని అయోడిన్ మంచునకును వానలకును కొట్టుకొనిపోవుటచే అచ్చటి జనులయందు ఈ వాపు తరతరములుగ వ్యాపించియుండెను. శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణపు వైద్యకళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, సహచరులతో గూడి 1956 నుండి ఆ ప్రాంతమునందలి కాంగ్రా లోయను మూడు మండలములుగ విభజించి, రెంటియందు అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానియందు మామూలు ఉప్పును పంపించి, బడిపిల్లల కంఠములను పరీక్షించుచు వచ్చిరి. కొలదియేండ్లకే అయోడిన్ అందిన రెండు మండలములలో గలగండము ఎంతయో తగ్గెను. అందని చోట తగ్గలేదు. అటుపిమ్మట ఆ మూడవ మండలమునకును అయోడిన్ ఉప్పునే పంపిరి.