మీకు తెలుసా? లక్నవరం వంపులోనే ఖర్చు లెక్క

లక్నవరం చెరువు మీది వేలాడే వంతెనపై ఫొటో దిగని కుటుంబం వరంగల్‌లో అరుదు. ఆ తాళ్ల వంపును అందం కోసం ఎవరూ విడిగా గీసి పెట్టలేదని మీకు తెలుసా? రెండు టవర్ల మధ్య ఉక్కు తాడు కట్టి, దానికి నడకదారిని సమంగా వేలాడదీస్తే చాలు, ఆ బరువే తాడును ఒక ఆకారంలోకి లాగుతుంది. లెక్కల పుస్తకంలో దాని పేరు పరావలయం.

ఇంజనీరు తేల్చాల్సింది తాడు నడుమ ఎంత కిందికి దిగాలన్నది. డబ్బు సంగతంతా అక్కడే ఉంది. వంపును సగానికి తగ్గిస్తే తాడు మీద లాగుడు రెండింతలవుతుంది. అప్పుడు తాడు లావెక్కాలి, ఒడ్డున దాన్ని పట్టి ఉంచే కాంక్రీటు దిమ్మె పెరగాలి. పోనీ వంపు పెంచుదామంటే టవర్లు ఎత్తు చేయాలి. ఈ రెండు ఖర్చులకూ పొత్తు కుదిరేది సాధారణంగా టవర్ల మధ్య దూరంలో ఎనిమిదో వంతుకూ పన్నెండో వంతుకూ నడుమ. కంటికి హాయనిపించే వంపు కూడా ఇంచుమించు అదే! ఎన్నిసార్లు తలచుకున్నా నాకిది అబ్బురమే. పైగా వేలాడే వంతెనకు నీళ్ల నడుమ పునాదులు తీసి పిల్లర్లు లేపే పని తప్పుతుంది. కర్ణాటకలోని సుళ్యకు చెందిన ఇంజనీరు గిరీశ్ భరద్వాజ్ ఇలాంటి వేలాడే వంతెనలనే మారుమూల పల్లెల కోసం తక్కువ ఖర్చులో వందకు పైగా కట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

అయితే ఇలాంటి తేలికపాటి వంతెనలు నడిచేవాళ్ల వరకే. లారీలు ఎక్కాలంటే ఊగని, గట్టి డెక్కు, అంటే బండ్లు నడిచే పలక కావాలి. వరంగల్ నుంచి కరీంనగర్ పోయే దారిలో మానేరు మీద 2023లో తెరిచిన తీగల వంతెనలో కేబుళ్లు టవర్ల నుంచి ఏటవాలుగా దిగి డెక్కునే పట్టుకుంటాయి. అప్రోచ్ రోడ్లతో కలిపి ఖర్చు సుమారు 224 కోట్ల రూపాయలు. రాత్రిపూట రంగు లైట్లు చూడటానికి జనం వస్తారు గానీ, పట్టపగలు ఆ తీగల వరసే నాకు ఎక్కువ అందంగా తోస్తుంది.

రాజమహేంద్రవరం దగ్గర 1997లో పూర్తయిన గోదావరి ఆర్చి రైలు వంతెనది ఇంకో దారి. 97.55 మీటర్ల విల్లు, ఒకటే రూపం, 28 సార్లు. కొలత మారకపోతే అచ్చులు మళ్లీ మళ్లీ పనికొస్తాయి, పనివాళ్లకు చెయ్యి తిరుగుతుంది. విల్లుకో రూపం గీసి ఉంటే ఖర్చూ పెరిగేది, గోదావరి మీద ఆ లయా చెదిరేది.