ఖాళీగా ఉన్నదే కాపాడుతుంది!

సుచిత్ర నుంచి గండిమైసమ్మ వైపు వెళ్తుంటే బహదూర్‌పల్లిలో ఓ పెద్ద ఐటీ ప్రాంగణం కనిపిస్తుంది. ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్‌ది. ఇప్పుడు టెక్ మహీంద్రాది. మహీంద్రా విశ్వవిద్యాలయమూ అక్కడే. సాఫ్ట్‌వేర్ అనగానే మనకు ఇలాంటి భవనాలూ, మెడలో ట్యాగులతో తిరిగే కుర్రకారూ గుర్తొస్తారు. కానీ ఏ సంస్థ పనైనా నడవాలంటే ఎక్కడో ఓ చల్లని గదిలో సర్వర్లు రాత్రీపగలూ పనిచేస్తూనే ఉండాలి. మన జీతం, పిల్లల పరీక్ష ఫలితాలు, రైలు టికెట్టు... అన్నీ అలాంటి గదుల నుంచి రావాల్సినవే. ఇంతకీ ఆ గదిలో ఏముంటుంది?

సొంతిల్లు కాదు... అపార్ట్‌మెంట్!

మామూలు సర్వర్ సొంతిల్లు లాంటిది. దాని ఫ్యాన్లు దానివే, కరెంటు ఏర్పాటూ దానిదే. బ్లేడ్ సర్వర్ అలా కాదు. అది అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు. పలచటి పలకలా ఉండే బ్లేడులో ప్రాసెసరూ, మెమరీ ఉంటాయి. కరెంటు, గాలి, నెట్‌వర్కు... అన్నీ ఉమ్మడి. వాటిని అందించే పెట్టెను ఛాసిస్ అంటారు. 2001లో అమెరికాకు చెందిన ఆర్‌ఎల్ఎక్స్ టెక్నాలజీస్ ఈ తరహా సర్వర్లను మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది ఐబీఎం అందుకుంది. 2006లో హెచ్‌పీ తెచ్చిన సి7000 పెట్టె ఎత్తు పదిహేడున్నర అంగుళాలే. అందులో 16 బ్లేడ్లు పడతాయి. వాటన్నిటికీ కలిపి ఆరు పవర్ సప్లైలు, పది ఫ్యాన్లు. మనిషెత్తు బీరువాలాంటి ర్యాకులో ఇలాంటి పెట్టెలు నాలుగు పెడితే 64 సర్వర్లు. అదే ర్యాకులో సన్నటి మామూలు సర్వర్లయితే 42 మాత్రమే.

ఒక్కో ఫ్లాటులో పదిమంది

వర్చువలైజేషన్ అంటే ఆ ఫ్లాటును హాస్టల్‌గా మార్చడమే! ఒకే సర్వర్‌ను సాఫ్ట్‌వేర్ సాయంతో పది, ఇరవై కంప్యూటర్లుగా పంచుతారు. ఐబీఎం 1960ల్లోనే తన పెద్ద కంప్యూటర్ల మీద చేసిన పని ఇది. 1998లో మొదలైన వీఎంవేర్ దాన్ని మామూలు సర్వర్లకూ అలవాటు చేసింది. నడుస్తున్న కంప్యూటర్‌ను ఆపకుండానే ఒక సర్వర్ నుంచి మరోదానికి మార్చే సౌకర్యం 2003లో వచ్చింది. ఇలా కొన్ని బ్లేడ్లను జట్టుకడితే అదే క్లస్టర్. జట్టులో వారి సామాను ఏ ఒక్క బ్లేడులోనూ ఉండదు. అందరికీ అందుబాటులో ఉండే ఉమ్మడి స్టోరేజీలో ఉంటుంది. ఒక బ్లేడు హఠాత్తుగా పాడైతే, దాని మీది కంప్యూటర్లు పక్క బ్లేడుపై మళ్లీ మొదలవుతాయి. ఆ కాస్త అంతరాయం తప్పదు కానీ పని పోదు.

మరి చోటేదీ?

చిక్కంతా ఇక్కడే! పక్క బ్లేడ్లన్నీ అప్పటికే నిండిపోయి ఉంటే? అందుకే ఎనిమిది బ్లేడ్లు కొంటే ఏడు మోయగలిగినంత పనే పెట్టాలి. అసలు పెట్టె మొత్తమే ఆగిపోతే? రెండు పెట్టెల్లో సమానంగా పంచినప్పుడు, ఒకటి పోయినా నడవాలంటే సగం ఖాళీగా ఉంచాల్సిందే. నాలుగు పెట్టెలైతే పావు వంతు చాలు. 'డబ్బుపోసి కొన్నది ఊరికే పడుంది' అని లెక్కల విభాగం గొణగడం ఖాయం. ఆ ఖాళీయే ఆపదలో ఆసరా అని వారికి నచ్చజెప్పడమే అసలైన ఇంజినీరింగ్.

కరెంటుదీ అదే కథ. ఆరు పవర్ సప్లైల్లో మూడింటిని ఒక లైనుకీ, మూడింటిని వేరే యూపీఎస్ ఉన్న రెండో లైనుకీ కలపాలి. తిన్న కరెంటంతా వేడిగా మారుతుంది. ఒక పెట్టె 5 కిలోవాట్లు వాడితే ఆ వేడిని లాగేయడానికే దాదాపు ఒకటిన్నర టన్నుల ఏసీ కావాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ ఆగితే గది నిమిషాల్లో కొలిమే!

తీగ కలపకపోతే...

2016 ఆగస్టులో డెల్టా ఎయిర్‌లైన్స్ డేటా సెంటర్‌లో కరెంటు సమస్య వచ్చింది. దాదాపు 7,000 పరికరాల్లో 300 బ్యాకప్ కరెంటుకు కలపలేదని తర్వాత తేలింది. ఫలితం... రెండు వేలకు పైగా విమానాలు రద్దు! 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకున్న ఓ వ్యవస్థకు వేరేచోట నకలే లేదు. ఆ ఫైళ్లన్నీ బూడిదయ్యాయి.

క్లస్టర్ ఎంత గట్టిదైనా నకలుకు బదులు కాదు. ఒకచోట చెరిపేసిన ఫైలు అన్నిచోట్లా చెరిగిపోతుంది మరి. అందుకే అనుభవమున్నవారు కొత్త క్లస్టర్‌ను అప్పగించే ముందు ఒక పరీక్ష పెడతారు. నడుస్తుండగానే ఒక బ్లేడును బయటికి లాగేస్తారు. తర్వాత ఒక కరెంటు లైను కట్టేస్తారు. చివరగా, బ్యాకప్ నుంచి ఒక ఫైలును తిరిగి తెప్పిస్తారు. మూడింటిలోనూ నెగ్గితేనే జనం పనిని దాని మీద పెట్టేది!