ఎదురేగిన స్నేహం

హిజ్రీ 9వ సంవత్సరం తబూక్ దండయాత్రకు వెళ్ళక మదీనాలో ఉండిపోయిన హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి), సాకులు చెప్పక దైవప్రవక్త (స) ఎదుట సత్యమే పలికారు. దైవప్రవక్త (స) ఆజ్ఞ మేరకు 50 రోజులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. అత్యంత ప్రియుడైన అబూ ఖతాదా (రజి) సైతం సలాముకు బదులివ్వలేదు. అంతటి ఒంటరితనంలో, తన వద్దకు వస్తే ఆదరిస్తానని గస్సాన్ రాజు లేఖ పంపగా, కఅబ్ (రజి) దానిని పొయ్యిలో కాల్చివేశారు.

తన పశ్చాత్తాపాన్ని అల్లాహ్ స్వీకరించాడన్న శుభవార్త విని ఆయన మస్జిదుకు రాగా, హజ్రత్ తల్హా (రజి) లేచి, పరుగున ఎదురేగి, కరచాలనం చేసి అభినందించారు. ఆ ఆదరణను కఅబ్ (రజి) ఎన్నడూ మరువలేదు.

సోదరులారా! నేడు నమాజు ముగిశాక ఎవరూ పలకరించక వెనుదిరిగే వ్యక్తి మన పంక్తిలోనే ఉండవచ్చు. అతని కొరకు ముందుగా లేచేవారు మనమే కావాలి.